వదులు అంటే వదలాలె

ఆటల పీరియడ్ ఎందుకండీ దండగ, ఆ గంట లెక్కలకు ఇచ్చెయ్యండి అని అడిగేవాళ్లు నేను ఉద్యోగంలో చేరిన నాడూ ఉన్నారు, దిగిపోయిన నాడూ ఉన్నారు. నేను ఇవ్వలేదు. ఇవ్వనందుకు మొండిది అని పేరొచ్చింది. ఆ పేరును నేను కాదనను. మీలో కొత్తగా మెడలో ఈల వేసుకుని మైదానంలోకి దిగుతున్న ఆడపిల్లలు ఉన్నారు. మిమ్మల్నీ అడుగుతారు. అప్పుడు చెప్పుకోవడానికి నా దగ్గర ఉపన్యాసం లేదు. ఒక పిల్ల సంగతి ఉంది.

డెబ్బయిల దశకం సగం దాటిన రోజులు. బాన్సువాడలో ఆడపిల్లల బడికి డ్రిల్ టీచరుగా వచ్చాను. చీరకొంగు నడుముకు దోపి సైకిల్ తొక్కేదాన్ని. బస్టాండు దగ్గర చాయ్ తాగేవాళ్లు గ్లాసులు చేతిలో పట్టుకుని చూసేవాళ్లు. మొదట్లో నవ్వారు, తర్వాత సలహాలు చెప్పారు, ఆ తర్వాత అలవాటు పడ్డారు. ఊరు అలవాటు పడేదాకా తొక్కుతూ ఉండటమే నాకు తెలిసిన ఉపాయం.

మా పెద్ద టీచరమ్మది వర్ని దగ్గర ఊరు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడిన కుటుంబం. మంచి మనిషి, కానీ గొడవంటే హడలిపోయేది. ప్రతి మాటా "ఎందుకొచ్చిన గొడవమ్మా" అని మొదలుపెట్టేది. తెలుగు సారు పద్యం ఎంత బాగా చదివేవాడో ఆడపిల్లలు ఎలా కూర్చోవాలో, ఎలా నడవాలో కూడా అంత బాగా చెప్పేవాడు. లెక్కల టీచరు ఒక్కతే నాకు స్నేహితురాలు. నా పీరియడ్ అడగని లెక్కల టీచరును నా ఉద్యోగం మొత్తంలో ఆమెనే చూశాను.

కాలువ అవతలి తాండా నుంచి మా బడికి నలుగురు పిల్లలు నడిచి వచ్చేవారు. తాండాలో పుట్టి హైస్కూలు మెట్లెక్కిన మొదటి ఆడపిల్లలు వాళ్లే. దారి కొంత కాలువ కట్ట మీద, కొంత చెరుకు తోటల మధ్య బండ్లబాట మీద సాగేది. వాళ్లలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, మేకల వెంట తిరిగి పెరిగిన కాళ్లు, ఒక్కచోట నిలిచేది కాదు. నేను ఈల ఊదకముందే పరుగెత్తేది. అందుకు రోజూ తిట్లు తినేది, తిని నవ్వేది.

చెరుకు మనిషెత్తు దాటిన కాలంలో ఒకరోజు బడి వదిలాక, కాలిలో ముల్లు గుచ్చుకుని ఆ పిల్ల మిగతా వాళ్లకు వెనకబడింది. వంగి ముల్లు తీసుకుంటుంటే వెనక నుంచి ఒక చెయ్యి నోరు మూసింది. ఇంకో చెయ్యి నడుము పట్టి చెరుకులోకి లాగింది. "ఏ పిల్లా, ఊకో," అని చెవిలో ఒక మగ గొంతు అంది. అంతలోనే బాట మీద ఎడ్లబండి గంటలు వినబడ్డాయి. ఆ మనిషి పిల్లను వదిలేసి చెరుకులో పడి పారిపోయాడు. బండి తోలే ముసలాయన దిగి చూస్తే పిల్ల కళ్లు తెరుచుకునే ఉంది, నిలబడే ఉంది. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టి నడిపిస్తే నడిచింది. మొహం చూశావా అంటే తల అడ్డంగా ఊపింది.

మర్నాటికి ఊరంతా తెలిసింది. తెలిసిన ప్రతివాళ్లూ ఒకే మాట అన్నారు: ఏం గాలేదు గద. చెరుకు తోట ఒక పటేలుది. ఆయన మా బడి కమిటీకి పెద్ద. ఆయనా అదే అన్నాడు. తాండా పెద్దలూ పరువు కోసం అదే అన్నారు. తండ్రి కూడా అన్నాడు. ఏమీ కాని పిల్ల మరి తిండి ఎందుకు మానేసింది, గుడిసె గోడకు వీపు ఆనించి పొద్దంతా ఎందుకు కూర్చుంది, కన్నతల్లి వెనక నుంచి వచ్చి జడ ముట్టుకుంటే కట్టెలా ఎందుకు బిగుసుకుపోయింది? ఆ సంగతి ఎవరూ అడగలేదు. నలుగురు పిల్లల చదువూ ఆగిపోయింది.

నేను సైకిలేసుకుని తాండాకు పోయాను. తల్లి గుడిసె ముందు జొన్నలు చెరుగుతోంది. చేట పక్కన పెట్టి, నా కోసం మంచం వాల్చింది.

"పిల్లకు ఒంట్ల ఎట్లుంది అక్కా?"

"ఒంట్ల ఏముంది టీచరమ్మా, ఒళ్లే లేదు దానికి. ఈడ కూసుంటది, ఈడ లేదు," అంది. మళ్లీ తనే చెప్పింది. "మా తాండల దుక్కమొస్తే ఆడోళ్లం ఒకల్నొకలం పట్టుకొని పాడుకుంట ఏడుస్తం. ఏడిస్తె దిగుతది. ఇది ఏడ్వలే. నన్ను పట్టుకోనిస్తలేదు. నేను ఏం జెయ్యాలె?"

దవాఖానకు తీసుకుపోదాం అన్నాను. అప్పటి డాక్టర్ సాబ్ నడివయసు మనిషి. మాటలో ఉర్దూ తెలుగూ కలిసిపోయేవి. ఓపికగా చూశాడు. పిల్లను ముట్టుకునే ముందు ప్రతిసారీ "బేటా, చెయ్యి చూడనా?" అని అడిగాడు. అంతా అయ్యాక నన్ను బయటికి పిలిచాడు.

"జ్వరం లేదు. ఎముకలు, నరాలు మంచిగున్నయ్. ఖౌఫ్ ఒంట్లో కూర్చుంది. దాన్ని లేపనీకి నాకాడ సూది లేదమ్మా. ఇంట్లో పెట్టి మూసేస్తే ఇంకా గట్టిగా కూర్చుంటది. నువ్వు డ్రిల్ టీచర్ కదా? కదిలించు. జల్దీ చెయ్యకు."

ఖౌఫ్ అంటే భయం. భయం ఒంట్లో కూర్చుంటుందన్న మాట అంతకుముందు నేను వినలేదు. విన్నాక మాత్రం నాకు అది కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఆ పిల్ల భుజాలు చెవుల దాకా ఎక్కి ఉన్నాయి. ఊపిరి మెడ దగ్గరే ఆగి వెనక్కి పోతోంది.

తండ్రి మాత్రం మళ్లీ బడికి పంపడానికి ఒప్పుకోలేదు. "చెరుకు తొవ్వల మల్ల ఎవలు తోడొస్తరు? నువ్వొస్తవా?" అన్నాడు, రాదులే అన్న ధీమాతో.

"వస్తా," అన్నాను.

వచ్చాను. చెరుకు కొట్టి, మళ్లీ పెరిగి, మళ్లీ కొట్టేదాకా పొద్దున్నే సైకిల్ మీద కాలువ కట్ట దాకా పోయి, అక్కడి నుంచి సైకిల్ నడిపించుకుంటూ నలుగురితో కలిసి బడికి వచ్చేదాన్ని. సాయంత్రం మళ్లీ అంతే. ఊళ్లో నవ్వుకున్నారు. నవ్వుకోనిచ్చాను.

బడికి రావడం వేరు, బడిలో ఉండటం వేరు. తరగతిలో ఆ పిల్ల వెనక బెంచీలో గోడకు ఆనుకుని కూర్చునేది. డ్రిల్లులో వరస సరిచేసుకోవడానికి వెనక పిల్ల చెయ్యి చాచి భుజం మీద వేస్తుంది కదా, ఆ చెయ్యి పడగానే అక్కడే కూలబడిపోయింది. పరుగెత్తితే మునుపటి పిల్ల తిరిగి వస్తుందేమో అనుకుని పరుగెత్తించాను. ఊపిరి ఎగిసేసరికి కళ్లు తేలేసింది. ఎగిసే ఊపిరే ఆమెకు మళ్లీ ఆ చెరుకు తోట అయింది. అలా కుదరదని తెలిసింది.

పరుగు మానేసి గోడ దగ్గరికి తీసుకుపోయాను.

"ఈ గోడను తొయ్యి," అన్నాను.

"గోడ జరుగుతదా టీచర్?" అంది. బడికి తిరిగి వచ్చాక నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

"జరగకుంటె మానె. నువ్వు తొయ్యి."

రెండు అరచేతులూ గోడకు ఆనించి, కాళ్లు ఎడం చేసి తోసింది. మొదట ఊరికే, తర్వాత నిజంగా తోసింది. పిక్కలు బిగిశాయి, చేతులు వణికాయి. ఆ వణుకు చేతుల నుంచి భుజాలకు, భుజాల నుంచి ఒళ్లంతా పాకింది. నాకు భయమేసి ఆపమందామనుకున్నాను. డాక్టర్ సాబ్ చెప్పిన జల్దీ చెయ్యకు అన్న మాట గుర్తొచ్చి నోరు మూసుకుని పక్కన నిలబడ్డాను. చాలాసేపు వణికి, చివరికి ఒక పెద్ద నిట్టూర్పు విడిచి అక్కడే కూర్చుంది. ఆ మధ్యాహ్నం తెచ్చుకున్న రొట్టె మొత్తం తిన్నదని లెక్కల టీచరు పరుగున వచ్చి చెప్పింది.

ఆ తర్వాత రోజూ గోడ. కొన్నాళ్లకు గోడ బదులు నా అరచేతులు. ఆమె తొయ్యాలి, నేను ఆగాలి. ఒక్కోసారి నన్ను నాలుగడుగులు వెనక్కి నెట్టేది, ఆ రోజు మొహంలో వెలుగు ఉండేది. తర్వాత తాడు లాగుడు. తాడులో ఒక సుఖం ఉంది, ఒంటరిగా ఉండవు, అలాగని ఎవరూ నిన్ను ముట్టుకోరు. అటు పదిమంది, ఇటు పదిమంది, అందరి బరువూ మడమల్లోంచి నేలలోకి దిగుతుంటే ఆ పిల్ల పళ్లు బిగించి లాగేది. ఓడిన రోజు కూడా తాడు ఆఖరికి వదిలేది తనే.

కబడ్డీ నేను చెప్పింది కాదు. ఒక సాయంత్రం మిగతా పిల్లలు ఆడుతుంటే నడిమి గీత దగ్గర నిలబడి చూసి, తనే అడిగింది.

"టీచర్, గంతమంది పట్టుకుంటె కూడా వాళ్లు ఎట్ల ఇడిపించుకుంటుండ్రు?"

"నేర్చుకుంటవా?"

"పట్టుకోవద్దు."

"సరే, పట్టుకోరు. నువ్వు పట్టుమంటెనే పడతరు. వదులుమంటె వదులుతరు."

పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆ మాటే చెప్పాను. పట్టు అంటేనే పట్టాలి. వదులు అంటే వదలాలి, ఆట మధ్యలో అయినా, గెలిచే ఘడియలో అయినా సరే. కారణం చెప్పలేదు, వాళ్లు అడగలేదు. ఆడపిల్లలకు కొన్ని కారణాలు చెప్పనక్కర్లేదు.

మొదట్లో ఒక పిల్ల ఒక వేలు పట్టుకునేది. వదులు అనగానే వదిలేది. తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి. పట్టుకున్నప్పుడు ఒళ్లు కట్టెబారిపోతే నేను పక్కనుంచి అనేదాన్ని: "కాళ్లు యాడున్నయ్ చూడు. నేల మీదున్నయా? ఒక్క కాలు జరుపు." ఒక కాలు జరిగితే చాలు, కట్టె మళ్లీ మనిషయ్యేది. వానలు పడి, ఆగి, మైదానం ఎండేసరికి నలుగురు పట్టుకున్నా నేలంతా ఈడ్చుకుంటూ గీత దాకా పోయి తాకేది. ఒక సాయంత్రం అలా గీత తాకి, దుమ్ములో బోర్లా పడుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. తోటి పిల్లలు ముట్టుకోకుండా చుట్టూ కూర్చున్నారు. కాసేపటికి తనే ఒక పిల్ల చెయ్యి వెతికి పట్టుకుంది. ఇంటికి పోయాక వాళ్లమ్మను కూడా పట్టుకుని ఏడ్చిందట. మర్నాడు ఆ తల్లి కాలువ కట్ట దాకా వచ్చి, నా రెండు చేతులూ తన కళ్లకు అద్దుకుని వెళ్లిపోయింది.

ఒక్కటే కుదరలేదు, కూత. కబడ్డీ కబడ్డీ అనబోతే గొంతు పట్టేసేది. నోరు మూసిన ఆ చెయ్యి అక్కడ ఇంకా ఉంది. లెక్కల టీచరు గట్టు మీద కూర్చుని చూస్తూ అంది: "కబడ్డీ అనే అనాలని ఎక్కడుంది? మేకల్ని ఎట్ల మళ్లిస్తావే నువ్వు?"

ఆ పిల్ల సిగ్గుపడింది. తర్వాత తల ఎత్తి, తాండాలో గుట్ట మీది మేకల్ని మళ్లించే కేక పెట్టింది. పొడుగ్గా, కడుపులోంచి. బజారులో మనుషులు ఆగిపోయారని విన్నాను. ఆ రోజు నుంచి అదే ఆమె కూత.

కేక బజారు దాకా పోయింది కనుక మాట పటేలు దాకా పోయింది. ముందు తెలుగు సారు వచ్చాడు. ఆడపిల్లలు మట్టిలో పొర్లడం, ఒకరి మీద ఒకరు పడటం ఏ సంప్రదాయం అన్నాడు. బరువులెత్తడం, నాట్లు వెయ్యడం, చెరుకు కొట్టడం ఏ సంప్రదాయమో అదే అన్నాను. తర్వాత పటేలే వచ్చాడు.

"ఏంది టీచరమ్మా గీ చెడుగుడు? ఆ తాండ పోరికి ఏం గాలేదు గద, దాని పేరు మీద మా పిల్లలను గూడ ఖరాబ్ చేస్తున్నవు."

"ఏం గాకుంటె నేను రోజు ఆ పిల్లలకు తోడెందుకు పోతున్న పటేలా?" అన్నాను.

ఆయన జవాబు నాకు చెప్పలేదు, పెద్ద టీచరమ్మకు చెప్పాడు. "ఎందుకొచ్చిన గొడవమ్మా, కొన్నాళ్లు ఆపు," అంది ఆవిడ కళ్లు దించుకుని. వార్షికోత్సవంలో చేత పట్టి గలగలలాడించే లేజిమ్ ఆట చాలు, కబడ్డీ వద్దు అని తేలింది. నేను ఊఁ అన్నాను. మర్నాటి నుంచి పిల్లల్ని బడి వెనక ఖాళీ జాగాలో ఆడించాను. ఊఁ అనడం వేరు, ఆపడం వేరు.

వార్షికోత్సవం రోజు పొద్దున షామియానా గుంజలు, బల్లలు వేసుకుని పటేలు ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు దిగాడు. ముప్పై లోపు మనిషి, పొలం పనులు చూసేవాడు. తాండా పిల్ల నీళ్ల బిందె నేల మీద పెట్టి, వీపు అటు తిప్పి నిలబడి ఉంది. నేను పదడుగుల దూరంలో లేజిమ్‌లు పంచుతున్నాను.

"ఏ పిల్లా, జరుగు," అంటూ వాడు వెనక నుంచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ పిల్ల బిగుసుకుపోయింది. నా చేతిలో లేజిమ్‌లు జారి గలగలమన్నాయి. అంత దూరం నుంచీ నాకు తెలిసింది, ఆ గొంతును, ఆ చేతిని ఆమె ఒళ్లు గుర్తుపట్టిందని. కాలు జరుపు తల్లీ అని నేను అనబోతున్నాను. అనక ముందే ఎడమ కాలు జరిగింది. కుడి కాలు వెడల్పయింది. మోకాళ్లు వంగాయి.

"వదులు!"

వాడు నవ్వాడు, వదల్లేదు. "ఏందే, ఒక్క చెయ్యికే..."

ఆమె భుజం కిందికి జార్చి, మెలి తిరిగి, ఆ చేతి కిందనుంచి బయటికి వచ్చేసింది. మేము నేర్చుకున్నదే. నేర్చుకున్న దాని ప్రకారం తర్వాత గీత వైపు పరుగెత్తాలి. ఆమె పరుగెత్తలేదు. వాడి వైపు తిరిగి నిలబడి, ఆ మేకల కేక పెట్టింది.

మైదానంలో ఉన్న పిల్లలందరూ తిరిగి చూశారు. వదులు అన్న మాట వాళ్లందరికీ వినబడింది, వాడు వదలకపోవడం కనబడింది. ఎవరూ చెప్పలేదు, చేతులు కలుపుకున్నారు. పటేలు ఇంటి పిల్లలు, బజారు పిల్లలు, తాండా పిల్లలు, కబడ్డీలో గొలుసు కట్టినట్టే వాడి చుట్టూ గొలుసు కట్టారు. ఒక్కరూ వాణ్ణి ముట్టుకోలేదు. వాడు అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. ట్రాక్టరుకు దారి లేదు.

"వీడే," అంది ఆ పిల్ల. ఈసారి గొంతు ఆగలేదు. "చెరుకుల నన్ను గుంజినోడు వీడే. గీ గొంతే. గీ చెయ్యే."

పటేలు పరుగున వచ్చాడు. "ఏందీ లొల్లి? మొకం సూడలేదన్నది గద, ఇప్పుడెట్ల వీడే అంటది? అయినా ఏం గాలేదు గద..."

దండల పళ్లెం పట్టుకుని మా పెద్ద టీచరమ్మ వచ్చింది. గొడవెందుకు అంటుందని నేను పళ్లు బిగించాను. ఆవిడ పళ్లెం బల్ల మీద పెట్టింది.

"పటేలు గారూ, ఇందాక మీ మనిషి ఆ పిల్లను పట్టుకోవడం నేను చూశాను. వదలమంటే వదల్లేదు, అదీ చూశాను. అంతకు ముందు సంగతి పోలీసులు అడుగుతారు. నేను కబురు పంపుతున్నాను. సభ సంగతి తర్వాత చూద్దాం లెండి."

అక్కడే నిలబడి బడి బంట్రోతును పిలిచి స్టేషన్‌కు పంపింది. గొడవంటే హడలే మనుషులతో కూడా పనులు జరుగుతాయి.

న్యాయం జరిగిందా అని అడుగుతారు. సగం జరిగింది. పోలీసు జవాను వచ్చి వాణ్ణి స్టేషన్‌కు తీసుకుపోయాడు. సాయంత్రానికి పటేలు మనుషులు విడిపించుకొచ్చారు. కేసు రాయలేదు. కానీ ఆ రాత్రే తాండా అంతా వచ్చి పటేలు ఇంటి ముందు కూర్చుంది. వాడుంటే మీ చెరుకు కొట్టం అన్నారు. చెరుకు కోతకు వచ్చి ఉంది. వాడు సరిహద్దు దాటి మహారాష్ట్ర వైపు ఎటో పోయాడు. పటేలు నోట ఏం గాలేదు అన్న మాట మళ్లీ రాలేదు. బడి కమిటీ నుంచి మాత్రం ఆయన పోలేదు.

పోయింది నేను. ఎండాకాలం సెలవుల్లో డోంగ్లి వైపు బదిలీ చేశారు. సగం పిల్లలు మరాఠీ మాట్లాడే ఊరు, బడికి మైదానం కూడా లేదు. శిక్ష అని పంపారు. పోయిన వారానికి ఊరి వాళ్లను అడిగి కళ్లం చదును చేయించి గీతలు గీశాను. పట్టు, వదులు అన్న రెండు మాటలూ మరాఠీలో నేర్చుకున్నాను. పొద్దున్నే తాండా పిల్లలకు తోడు పోయే పని లెక్కల టీచరు తీసుకుంది. సైకిల్ రాకపోయినా నడిచి పోయేది.

ఆ పిల్ల పదో తరగతి లెక్కల్లో తప్పి, మళ్లీ రాసి గట్టెక్కింది. ఎనభైల్లో ఒకసారి పని మీద బాన్సువాడ వచ్చినప్పుడు బస్టాండులో కనబడింది. పక్కన వాళ్లమ్మ ఉంది, బాగా ముసలిదయింది. పిల్ల ఇప్పుడు పిల్ల కాదు, వాళ్ల తాండా చిన్న బడిలోనే టీచరుగా చేస్తోందట. నన్ను చూసి కాళ్లకు మొక్కబోతే ఆపాను.

"ఆటలాడిస్తున్నవా పిల్లలతోటి?"

"రోజు ఆడిస్తున్న." కాస్త తటపటాయించి నవ్వింది. "ఒక్క మాట చెప్పాలె టీచర్. నాకు ఆ కబడ్డీ ఎన్నడు నచ్చలే. తాడు లాగుడే నచ్చేది."

"మరి గన్ని రోజులు ఎందుకాడినవే?"

"నాకు అక్కెరుండె. ఆడిన."

ఇప్పటికీ భయమవుతుందా అని అడిగాను. చెరుకు ఎదిగినప్పుడు అవుతుందని దాచకుండా చెప్పింది. "అయినప్పుడు చెప్పులిడిసి నేల మీద నిలబడుత. జర సేపటికి పోతది. పోకుంటె గట్లనే నడుస్త."

అంతలో వాళ్ల బస్సు వచ్చింది. కిటికీల్లోంచి తువ్వాళ్లు వేసేవాళ్లు, తలుపు దగ్గర తోసుకునేవాళ్లు, ఎప్పటి గందరగోళమే. ఆమె తల్లిని ముందు పెట్టుకుని ఎక్కింది. సీటు దొరకలేదు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి కనబడింది. చుట్టూ మగవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. ఆమె కాళ్లు ఎడం చేసి, మోచేతులు రెండు పక్కలకూ చాపి నిలబడింది. ఆ మోచేతుల మధ్య ఆ ముసలితల్లి హాయిగా, ఎవరి ఒళ్లూ తగలకుండా నిలుచుని ఉంది.